యుద్ధం చేసిన అడ్మిరల్ యుద్ధం ఎందుకు వద్దన్నడు?

మా ఊరి హైస్కూల్ గ్రౌండ్ల పొద్దుగాల ఐదింటికే పదిహేను ఇరవై మంది పిల్లగాండ్లు ఉరుకుతుంటరు. అందరూ అగ్నివీర్ నోటిఫికేషన్ కోసం ఎదురు చూస్తున్నోళ్లే. మొన్న పరుగు అయిపోయినంక హోటల్ కాడ చాయ్ తాగుకుంట ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, నేవీల అన్నిటికంటె పెద్ద కొలువు ఏంది?" అడ్మిరల్ అని చెప్పిన. "రిటైరైనంక ఆ సారు ఏం చేస్తడు మరి?" అన్నడు.

మంచి ప్రశ్న. కొంతమంది పెద్ద కంపెనీల బోర్డుల్ల కూసుంటరు. ఇంకొందరు గవర్నర్లో, రాయబారులో అయితరు. ఈ నడుమ టీవీ స్టూడియోలల్ల కూసోని యుద్ధం ఎప్పుడు మొదలు పెట్టాలె అని గొంతు చించుకునేటోళ్లు కూడ ఎక్కువైన్రు. ఒక్క సారు మాత్రం ఊరికి పోయి ఎవుసం చేసిండు. అణుబాంబు వద్దన్నడు. పాకిస్తాన్ జనంతోటి దోస్తీ కావాలన్నడు. భూములు గుంజుకుంటుంటే రైతుల దిక్కు నిలబడ్డడు. ఆఖరికి మన హైదరాబాద్‌లనే కన్ను మూసిండు. ఆయన పేరు అడ్మిరల్ లక్ష్మీనారాయణ్ రాందాస్.

ఆ తమ్మునికి ఆ పేరు తెల్వదు. నాకు వింతేం అనిపియ్యలే. మన పుస్తకాల్ల ఆ పేరు లేదు, మన వాట్సాప్‌ల రాదు. "పాకిస్తాన్‌తోటి శాంతి" అన్న మాట వినంగనే దేశద్రోహి అని కామెంట్ పెట్టే పిల్లలు మన ఊర్లల్ల ఇప్పుడు మస్తుగున్నరు. గా పిల్లలే రేపు ఆ యూనిఫాం వేసుకునేటోళ్లు. అందుకే ఈ సారు ముచ్చట వాళ్లకే చెప్పాలనిపించింది.

ముందుగాల కొలువుల లెక్క చెప్పుకోవాలె, లేకుంటే ఆయన ఎంత ఎత్తుకు పోయిండో సమజ్ కాదు. నేవీల ఆఫీసర్‌గ చేరినోడు సబ్ లెఫ్టినెంట్. దాని మీద లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్, కెప్టెన్, కమడోర్. గక్కడి దాంక వచ్చుడే గొప్ప. ఆపైన రియర్ అడ్మిరల్, వైస్ అడ్మిరల్. అన్నిటికంటె పైన నాలుగు నక్షత్రాల అడ్మిరల్. మామూలుగ ఆ నాలుగో నక్షత్రం నేవీ చీఫ్‌కే ఉంటది. అంటే వేల మంది చేరితే ఒక్కనికి దక్కే కుర్సీ అది.

రాందాస్ 1933 సెప్టెంబర్ 5న బొంబాయిల, మాటుంగల పుట్టిండు. 1949ల, ఇంకా పదహారేండ్లు నిండని వయసుల, డెహ్రాడూన్ కాడ ఉన్న జాయింట్ సర్వీసెస్ వింగ్‌ల చేరిండు. ఇప్పుడు మనం ఎన్‌డీఏ అంటున్నమే, దానికి మూలం అదే. 1953 సెప్టెంబర్ 1న నేవీ ఆఫీసర్ అయిండు. ఆయన పెండ్లి చేసుకున్నది లలితా కటారిని. ఆమె తండ్రి వైస్ అడ్మిరల్ రాందాస్ కటారి, 1958ల మన నేవీకి మొట్టమొదటి భారతీయ చీఫ్. అంతకుముందు దాంక, స్వాతంత్ర్యం వచ్చి పదేండ్లు దాటినా, మన నేవీని నడిపింది ఇంగ్లిష్ ఆఫీసర్లే. ఆర్మీల, ఎయిర్‌ఫోర్సుల అప్పటికే మనోళ్లు చీఫ్‌లు అయిన్రు, నేవీల ఆలస్యమైంది. మామ పేరు, అల్లుని పేరు కలిసినయ్ అని కంగారు పడకున్రి, ఇద్దరూ వేరు వేరు, ఇద్దరూ చీఫ్‌లు అయిన్రు.

ఇగ 1971.

విశాఖ బీచ్‌కు పోయినోళ్లు చూసే ఉంటరు, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉన్న రోడ్డు మీదనే ఒక స్మారకం ఉంటది, విక్టరీ ఎట్ సీ అని. సెల్ఫీలు దిగి వస్తం గని అది ఎందుకు కట్టిన్రో చదవం. ఆ యుద్ధం మొదలైన రాత్రి, డిసెంబర్ 3, 4 తారీఖుల నడుమ, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ బయటనే మునిగింది. మన విక్రాంత్ ఓడను ఏటాడుకుంట వచ్చింది అది. దాంట్ల ఉన్న 90 మందికి పైగా నావికులు మల్ల ఇంటికి పోలేదు. ఇప్పటికీ ఆ జలాంతర్గామి మన సముద్రం అడుగునే ఉన్నది.

ఆ యుద్ధంల రాందాస్ కమాండర్ ర్యాంకుల ఉన్నడు, వయసు 38. ఐఎన్‌ఎస్ బియాస్ అనే యుద్ధనౌక ఆయన చేతుల ఉండె. తూర్పు నౌకాదళంతోటి కలిసి బంగాళాఖాతాన్ని దిగ్బంధం చేసే పని. ఈ దిగ్బంధం అన్నది సినిమాల్ల కనబడేటి యుద్ధం తీరు ఉండదు. తూర్పు పాకిస్తాన్ల ఉన్న పాక్ సైన్యానికి సముద్రం దిక్కు నుంచి తిండి, మందుగుండు రాకుండ, అక్కడి నుంచి ఎవ్వరూ తప్పించుకోని పోకుండ రాత్రింబవళ్లు కాపలా కాయాలె. వచ్చిపోయే ఓడలను ఆపాలె, తనిఖీ చేయాలె. తొవ్వ మూసుకపోయినంక డిసెంబర్ 16న ఢాకాల పాక్ సైన్యం లొంగిపోయింది. యుద్ధఖైదీల లెక్క తొంభై మూడు వేలు. బంగ్లాదేశ్ పుట్టింది. రాందాస్‌కు వీరచక్ర ఇచ్చిన్రు.

ఈ ముచ్చట ఇంత వివరంగ చెప్తున్నది ఎందుకంటే, "యుద్ధం వద్దు అనేటోళ్లు పిరికోళ్లు" అని ఒక మాట తిరుగుతుంటది. ఆ మాట అనేటోళ్లల్ల శానా మందికి యుద్ధం అంటే ఫోన్ల రీలు. ఈయన యుద్ధనౌక మీద నిలబడి ఆర్డర్లు ఇచ్చిండు.

తర్వాత పశ్చిమ జర్మనీల 1973 నుంచి 1976 దాంక మన నేవీ ప్రతినిధిగ ఉన్నడు. ఆ నడుమ సంగతులు ఎక్కువ చెప్ప, ప్రమోషన్ల లిస్టు ఎవరికి కావాలె. 1987 నాటికి కొచ్చిల దక్షిణ నౌకాదళ కమాండ్ ఆయన చేతుల ఉన్నది, అది మల్ల ముందట అక్కరకొస్తది. తర్వాత విశాఖల తూర్పు కమాండ్ చూసుకున్నడు. 1990 నవంబర్ 30న నేవీ చీఫ్ అయిండు. 60 ఏండ్లు నిండంగనే 1993 సెప్టెంబర్ 30న దిగిపోయిండు.

ఆ మూడేండ్లల్ల జరిగిన ఒక పని మా ఊరి చెల్లెలకు చెప్పాలె. డాక్టర్లుగ తప్ప అప్పటిదాంక మన నేవీల ఆడపిల్లలు ఆఫీసర్లు కాలేదు. 1991ల చదువు, న్యాయం, లాజిస్టిక్స్ శాఖల్ల తలుపు తెరిచిన్రు. 1992ల మొదటి బ్యాచ్ వచ్చింది. తెరిచింది సగం తలుపే. కొన్నేండ్లు చేయించుకోని ఇంటికి పంపుడే, పర్మనెంట్ కమిషన్ లేదు. ఆ మిగతా సగం కోసం ఆఫీసర్ అక్కలు ఏండ్లకేండ్లు కోర్టుల చుట్టు తిరిగిన్రు. 2020 మార్చిల సుప్రీంకోర్టు వాళ్ల దిక్కు తీర్పు చెప్పింది. 2022ల ఎన్‌డీఏల అమ్మాయిల మొదటి బ్యాచ్ అడుగు పెట్టింది, అదే ఏడు నేవీ అగ్నివీర్లల్ల కూడ అమ్మాయిలను తీసుకున్నది. మా గ్రౌండ్ల ఉరుకుతున్న ఇద్దరు చెల్లెండ్లు ఆ తొవ్వల వస్తున్నోళ్లే.

రిటైరైనంక రాందాస్ దంపతులు ఢిల్లీల బంగ్లా, క్లబ్బు, గోల్ఫు అని ఉండిపోలేదు. మహారాష్ట్రల రాయగఢ్ జిల్లా అలీబాగ్ దగ్గర భాయ్‌మల అనే ఊర్ల ఉన్నరు. వీరచక్ర వచ్చినందుకు సర్కారు ఇచ్చిన భూమి అది. దాంట్ల మందులు లేని ఎవుసం మొదలు పెట్టిన్రు. లలిత గారు అప్పటికే చదువు రంగంల పేరున్న కార్యకర్త. ఊర్ల ఉంటే ఊరి బాధలు తెలుస్తయ్. సెజ్ చట్టం వచ్చినంక ఆ జిల్లాలనే మహాముంబయి సెజ్ కోసం పదుల ఊర్ల భూములు అడిగిన్రు. మనకు పోలేపల్లి ఎట్లనో, కాకినాడ ఎట్లనో, వాళ్లకు అది అట్ల. రైతులు మొండికేసిన్రు. 2008 సెప్టెంబర్ 21న 22 ఊర్లల్ల సర్కారే రైతుల అభిప్రాయం కోసం ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది. ఫలితం అధికారికంగ చెప్పనే లేదు గని ఆఖరికి ఆ సెజ్ ముందుకు కదల్లే. ఆ కొట్లాటల రాందాస్, లలిత రైతుల పక్కననే ఉన్నరు. ఒక మాజీ నేవీ చీఫ్ ధర్నాల కూసుంటే లాఠీ ఎత్తే పోలీసు కూడ ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తడు.

ఇప్పుడు ఎక్కువ మందికి మండేటి ముచ్చట, పాకిస్తాన్.

1990లల్ల రెండు దేశాల మామూలు జనం కలిసి పాకిస్తాన్-ఇండియా పీపుల్స్ ఫోరం ఫర్ పీస్ అండ్ డెమోక్రసీ అని ఒక వేదిక పెట్టుకున్నరు. దాని భారత విభాగానికి రాందాస్ అధ్యక్షుడిగ చేసిండు. అటు దిక్కు పాత్రికేయుడు, మానవహక్కుల మనిషి ఐ.ఎ. రెహ్మాన్. 2004ల ఈ ఇద్దరికీ కలిపి రామన్ మెగసెసె అవార్డు ఇచ్చిన్రు. పాకిస్తాన్ ఓడలను అడ్డుకున్నందుకు వీరచక్ర, పాకిస్తాన్ మనిషితోటి చెయ్యి కలిపినందుకు మెగసెసె. రెండూ ఒక్క మనిషికే.

"గా దోస్తీతోటి మనకేం ఒరిగింది" అంటరా? తండేల్ సినిమా చూసిన్రు గద. 2018 నవంబర్‌ల గుజరాత్ తీరం నుంచి ఏటకు పోయిన శ్రీకాకుళం దిక్కు జాలర్లను పాకిస్తాన్ పట్టుకపోయింది. కరాచి జైల్ల ఏడాదికి పైగా మగ్గిన్రు. 2020 జనవరిల 20 మంది వాఘా దాటి ఇంటికొచ్చిన్రు. ఇటు దిక్కు మనోళ్లు పట్టుకున్న పాకిస్తాన్ జాలర్లు గుజరాత్ జైళ్లల్ల గట్లనే ఉంటరు. నీళ్ల మీద గీత ఎవరు గీసిన్రు? సర్ క్రీక్ కాడ హద్దు ఏడున్నదో రెండు సర్కార్లకే ఇంకా తేలలే, చేపల వెంట పోయిన మనిషికి ఎట్ల తెలుస్తది? ఈ జాలర్లను జైళ్లల్ల పెట్టొద్దు, పట్టుకుంటే జల్ది ఇడువాలె అని ఆ ఫోరం మొదటి నుంచి అడుగుతనే ఉన్నది. నేవీ మనిషికి ఈ సంగతి మనకంటె బాగ తెలుసు. సినిమా చూసి చప్పట్లు కొట్టినోళ్లే మల్ల "అసలు మాటలే వద్దు" అంటే, ఆ జాలరి పెండ్లాం ఎవరి దగ్గరికి పోవాలె?

1998 మే నెల. మనం పోఖ్రాన్‌ల అణుపరీక్షలు చేసినం, అదే నెల ఆఖర్ల పాకిస్తాన్ చాగైల చేసింది. మా ఊర్ల స్వీట్లు పంచిన్రు, నేను కూడ తిన్న, అబద్ధం ఎందుకు. అప్పుడు రాందాస్ ఎదురు మాట్లాడిండు. 2000ల అణ్వాయుధాలకు ఎదురు తిరిగిన సంఘాలన్నీ కలిసి సీఎన్‌డీపీ అనే కూటమి అయితే దానికి అధ్యక్షుడిగ కూడ చేసిండు. ఆయన చెప్పింది భావుకంగ ఉండదు, ఆయుధాలు నడిపిన మనిషి లెక్క అది. అమెరికాకు, రష్యాకు నడుమ సముద్రాలున్నయ్. మనకు, పాకిస్తాన్‌కు నడుమ ఒక్క కంచె. మిసైల్ లేస్తే కొన్ని నిమిషాల్ల పడుతది. ఆ నిమిషాల్లనే అది నిజమా, రాడార్ పొరపాటా అని ఒకడు తేల్చుకోవాలె. గాలి, నీళ్లు హద్దు చూసి ఆగవు. అసొంటి ఆయుధంతోటి గెలుసుడు అన్నదే ఉండదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, దాయను. మన మొదటి అణుజలాంతర్గామి అరిహంత్‌ను 2009 జులై 26న విశాఖలనే నీళ్లల్లకు దించిన్రు. దాని పని ఎన్నో ఏండ్ల ముందు నుంచి నడిచింది, రాందాస్ చీఫ్‌గ ఉన్నప్పుడు కూడ నడిచింది. "కుర్సీల ఉన్నప్పుడు నోరు మెదపకుండ దిగినంక మాట్లాడుడు ఏంది" అని అడిగినోళ్లున్నరు. యూనిఫాంల ఉన్న మనిషి సర్కారు విధానం మీద బయట మాట్లాడొద్దు, రూల్ గది. అది మంచి రూలే, లేకపోతే జనరల్స్ రాజ్యం ఏలుతరు. గని ఆ రూలు ఒక్కటే ఆ ప్రశ్నకు పూర్తి జవాబు అని నేను అనను. మనిషి మారుతడు. దిగినంక కూడ మారనోళ్లు, తెలిసీ సప్పుడు చేయనోళ్లు మనకు ఎక్కువ కనబడతరు.

బాంబుతోటే ఆగలే, అణువిద్యుత్ మీద కూడ కొట్లాడిండు. 2011 మార్చిల జపాన్‌ల ఫుకుషిమా ప్రమాదం అయింది. ఆ ఏడే సుప్రీంకోర్టుల ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం పడ్డది. అణుకేంద్రాల భద్రతను స్వతంత్రంగ తనిఖీ చేయాలె, ప్రమాదం అయితే ఆపరేటర్ కట్టాల్సిన పరిహారాన్ని 1500 కోట్లకే కట్టేసిన 2010 చట్టాన్ని కొట్టేయాలె అని అడిగిన్రు. భోపాల్ చూసిన దేశంల ఆ 1500 కోట్లు ఎంతమందికి వస్తయో మీరే లెక్క వేసుకోన్రి. పిటిషన్ వేసినోళ్లల్ల రాందాస్‌తో పాటు విశాఖల ఉండే మాజీ కేంద్ర కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ ఉన్నడు, హైదరాబాద్‌ల సీసీఎంబీని నిలబెట్టిన శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ ఉన్నడు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడల ఒక్కోటి 1208 మెగావాట్ల ఆరు రియాక్టర్లు పెడుతమని భూములు తీసుకున్నరు గద, ఆ ఊర్లోళ్లు అడిగే ప్రశ్నలు, ఈ పెద్దమనుషులు కోర్టుల అడిగిన ప్రశ్నలు దగ్గర దగ్గర ఒక్కటే.

రాజకీయాల్లకు కూడ ఒక కాలు పెట్టిండు. ఆమ్ ఆద్మీ పార్టీ లోపలి లోక్‌పాల్‌గ ఉన్నడు. పార్టీల లోపలి తప్పులను ఎత్తి చూపే కుర్సీ అది. 2015 మార్చిల పార్టీల లొల్లి ముదిరినప్పుడు ఆయన చెప్పాల్సింది రాసి చెప్పిండు, అదే నెల ఆయన్ను ఆ కుర్సీ నుంచి తీసేసిన్రు. అవినీతి వద్దని పుట్టిన పార్టీకే అడిగే మనిషి బరువైండు. నన్నడిగితే ఆయన అటు పోకుండ ఉండాల్సింది.

2019 కి వస్తే ఆయనకు 85 ఏండ్లు దాటినయ్. పుల్వామాల మన జవాన్లు చనిపోయిన్రు, బాలాకోట్ దాడి అయింది, పైలట్ అభినందన్ పాకిస్తాన్‌కు చిక్కి తిరిగొచ్చిండు. ఎన్నికలు ముందట్నే ఉన్నయ్. గోడల మీద జవాన్ల బొమ్మలు, పక్కన లీడర్ల బొమ్మలు. మార్చి 7న రాందాస్ ఎన్నికల సంఘానికి ఉత్తరం రాసిండు. సైన్యాన్ని ఓట్లకు వాడుకోనియ్యొద్దు అని దాని సారం. మార్చి 9న ఎన్నికల సంఘం, ప్రచారంల సైనికుల ఫోటోలు వాడొద్దని పార్టీలకు గుర్తు చేసింది. ఆయన ఒక్క ఉత్తరంతోటే అయిందని నేను చెప్ప, ఇంకా మంది అడిగిన్రు. ఏప్రిల్‌ల 150 మందికి పైగా మాజీ సైనికుల పేర్లతోటి రాష్ట్రపతికి ఇంకో ఉత్తరం పోయింది. "మోదీజీ సేన" అన్న మాట మీద కోపంతోటి రాసిందది. దాంట్ల నలుగురు మాజీ నేవీ చీఫ్‌ల పేర్లున్నయ్, ఒకరు రాందాస్. ఒకరిద్దరు పెద్ద ఆఫీసర్లు మా పేరు మమ్మల్ని అడగకుండ పెట్టిన్రు అని కూడ అన్నరు, అది కూడ చెప్పాలె.

ముందట అక్కరకొస్తది అన్న 1987 ముచ్చట ఇదీ. మే నెల ప్రచారంల ప్రధాని మోదీ, రాజీవ్ గాంధీ కుటుంబం ఐఎన్‌ఎస్ విరాట్‌ను సొంత ట్యాక్సీ తీరు వాడుకున్నది అన్నడు. లక్షద్వీప్‌కు పోయిన 1987 డిసెంబర్ ముచ్చట అది. ఆ సముద్రం ఆనాడు చూసుకునే కమాండ్ ఎవరిది? రాందాస్‌ది. ఆయన ఆనాడు ఆ ఓడల మీద ఉన్న ఆఫీసర్లతోటి మాట్లాడి తెల్లారే ప్రకటన ఇచ్చిండు. ప్రధానిగ రాజీవ్ అధికారిక పని మీద వచ్చిండు, ఓడల పార్టీలు కాలేదు, ఓడలను కుటుంబం కోసం మళ్లించలేదు అని. వేరే కొందరు రిటైర్డ్ ఆఫీసర్లు ఆయన మాటను ఒప్పుకోలేదు, వాళ్ల మాట వాళ్లు చెప్పిన్రు. నేను చూసేది ఏందంటే, ఆయన తన పేరు పెట్టి, తన హోదా పెట్టి, నాకు తెలిసింది ఇది అని చెప్పిండు. పేరు లేని ఫార్వర్డ్ మెసేజ్‌కు, దీనికి తేడా గక్కడున్నది.

కూతుళ్లల్ల ఒకరు, సాగరి రాందాస్, పశువైద్యురాలు. మన తెలుగు నేల మీద ఆదివాసులతోటి, పశువులు కాసుకునేటోళ్లతోటి ఏండ్లుగ పనిచేస్తున్న మనిషి. 2024 మార్చి 15న రాందాస్ హైదరాబాద్‌ల పోయిండు. తొంభై ఏండ్లు.

చాయ్ కాడ ఇదంత చెప్పేసరికి ఎండెక్కింది. తమ్ముడు ఒక్కటే అడిగిండు, "అన్నా, నేను సెలెక్ట్ అయితే గిట్ల మాట్లాడొచ్చా?" కొలువుల ఉన్నన్ని రోజులు మాట్లాడరాదు, చదువుకోవచ్చు, ఓటు వేయొచ్చు, నాలుగేండ్లకు బయటికి వస్తే అప్పుడు నీ ఇష్టం అని చెప్పిన. వాడు ఫోన్ తీసి ఐఎన్‌ఎస్ బియాస్ అని కొట్టిండు. నలుపు తెలుపు ఫోటో ఒకటి వచ్చింది. పెద్దగ చేసి చూసి, "ఇది చిన్న ఓడనే గదన్నా" అన్నడు.